ఏకులు ఎవరిస్తారు, నూలు ఎవరు కొంటారు?
కృష్ణా డెల్టా ఆడవాళ్ళ నూలుపని, నేతపని: కొంత చరిత్ర



పొదుపు లెక్కలు, అప్పుల లెక్కలు చూసుకున్నాక ఈ కాసిని పేజీలు తీరిగ్గా చదవండి. చదవడం రాని అక్కలకు పక్కనున్నవాళ్ళు చదివి వినిపించండి.

ఆడవాళ్ళం కలిసి కూర్చుని మగ్గం నేర్చుకుంటే ఎలా ఉంటుందన్న ప్రశ్న సంఘాల్లో వస్తూనే ఉంటుంది. కొందరికి అది కూలి మాట, ఇంట్లో కూర్చుని నాలుగు డబ్బులు సంపాదించుకునే దారి. కొందరికి పెద్దలనాటి పని మన చేతుల మీదుగా పిల్లలకు అందాలన్న కోరిక. పట్నాల్లోనైతే మనసు కుదుటపడుతుందని ఫీజు కట్టి మరీ మగ్గం ముందు కూర్చుంటున్నారు. మూడు కోరికలూ మంచివే. అయితే మన వైపు ఆడవాళ్ళు గుంపుగా కూర్చుని నూలుపని నేర్చుకోవడం ఇదే మొదటిసారి కాదు. ఆ పని ఒకప్పుడు ఇంటింటా ఉండేది, తర్వాత ఆగిపోయింది, మళ్ళీ మొదలైంది, మళ్ళీ సన్నగిల్లింది. ఎందుకు ఆగిందో తెలుసుకుంటే ఈసారి జాగ్రత్తపడొచ్చు.

మన తీరం బట్ట

సుమారు 2,000 ఏళ్ళ కిందట గ్రీకు భాషలో సముద్ర వ్యాపారుల కోసం రాసిన పుస్తకం ఒకటుంది. దాని పేరు పెరిప్లస్. ఏ రేవులో ఏ సరుకు దొరుకుతుందో అందులో రాశారు. తూర్పు తీరంలో మసాలియా అనే ప్రాంతంలో సన్నని నూలుబట్ట విస్తారంగా తయారవుతుందని ఉంది. కృష్ణమ్మ సముద్రంలో కలిసే మన ప్రాంతమే ఆ మసాలియా అని చరిత్రకారులు చెబుతారు. ఆ తర్వాత కొద్దికాలానికి టాలమీ రాసిన కంటకస్సిల అనే ఊరు మన ఘంటసాలేనని అంటారు. అంటే అవనిగడ్డ నుంచి బస్సెక్కితే కాసేపట్లో చేరే ఊరి పేరు అప్పుడే విదేశీ వర్తకుల పుస్తకాలకెక్కింది.

పదమూడో శతాబ్దం చివర్లో మార్కోపోలో అనే యాత్రికుడు మోటుపల్లి రేవు గురించి రాశాడు. ఈ రాజ్యాన్ని ఒక రాణి న్యాయంగా ఏలుతోందని మెచ్చుకున్నాడు. ఆ రాణి రుద్రమదేవి అని మనకు తెలుసు. ఇక్కడి బట్ట సాలెగూడంత సన్నగా ఉంటుందని, ఏ రాజైనా రాణైనా కట్టుకోవడానికి సంబరపడతారని కూడా రాశాడు.

తర్వాత బందరు వంతు వచ్చింది. గోల్కొండ నవాబుల కాలంలో అది పెద్ద రేవు. 1605లో డచ్చివాళ్ళు, 1611లో ఇంగ్లీషువాళ్ళు బట్ట కోసమే ఇక్కడికి వచ్చారు. ఆ తర్వాత ఫ్రెంచివాళ్ళు. ఇప్పటికీ బందరులో వలందపాలెం, ఇంగ్లీషుపాలెం, పరాసుపేట అని పిలుచుకుంటున్నది వాళ్ళు ఉన్న చోట్లనే. కరక్కాయ నీళ్ళలో ముంచి, ఇనుపతుక్కు బెల్లం కలిపి ఊరబెట్టిన నలుపుతోనూ, పటిక పెట్టి చిరివేరుతో ఉడికించిన ఎరుపుతోనూ వేసిన మన అద్దకం బట్ట ఎన్నిసార్లు ఉతికినా వెలిసేది కాదు. యూరపు వాళ్ళకు అటువంటి రంగు వేయడం అప్పటికి చేతకాదు. మన బట్ట మోజులో పడి తమ బట్ట ఎవరూ కొనడం లేదని అక్కడి ఉన్ని, పట్టు నేతగాళ్ళు గొడవ చేశారు. దాంతో 1686లో ఫ్రాన్సు, 1700లో ఇంగ్లండు ఇటువంటి బట్టల మీద నిషేధాలు పెట్టాయి.

ఈ కథ చాలా పుస్తకాల్లో దొరుకుతుంది. రాజులు, కంపెనీలు, ఓడలు, నేతగాళ్ళు అందరూ ఉంటారు. ఆ బట్టకు నూలు వడికిన వాళ్ళ మాట మాత్రం వెతికినా తక్కువే కనిపిస్తుంది.

నేత కొందరిది, వడకడం అందరిది

మగ్గం మీద నేయడం కొన్ని కులాల పని. పద్మశాలీలు, దేవాంగులు, కైకాలవాళ్ళు నేసేవాళ్ళు. మోటుబట్ట నేసిన మాల కుటుంబాలు ఎన్నో ఉండేవి. నూలు వడకడానికి అలాంటి హద్దు లేదు. కాపుల ఇంట్లోనూ, కూలి ఇంట్లోనూ, భర్త పోయిన ఒంటరి ఆడమనిషి ఇంట్లోనూ రాట్నం తిరిగేది. గింజ తీసిన దూదిని ఏకులుగా చుట్టుకుని, కదురు మీద దారం తీసి, చిలపలు కట్టి సంతలో అమ్ముకునేవాళ్ళు. పొలంపని లేని రోజుల్లో ఉప్పూ పప్పూ కొనుక్కోవడానికి ఆ డబ్బే ఆధారం.

చేత్తో వడికితే ఒక్క మగ్గానికి సరిపడా నూలు అందించడానికి నలుగురైదుగురు ఆడవాళ్ళు వడుకుతూనే ఉండాలి. బందరు రేవులో ఓడకెక్కిన ఒక్కొక్క బట్టల మూట వెనక ఎన్ని రాట్నాలు తిరిగాయో ఊహించుకోండి. కాబట్టి ఇది మా పెద్దల పని అని చెప్పుకునే హక్కు నేతకులాల ఆడపిల్లలతో పాటు మనలో చాలామందికి ఉంది. మీ నాయనమ్మకు నాయనమ్మ ఏ కులం మనిషైనా ఆమె చేతికి కదురు తెలిసే ఉంటుంది.

నేత ఇళ్ళలో ఆడవాళ్ళ పని మరీ ఎక్కువ. పెడనలో, కప్పలదొడ్డిలో మగ్గం ఉన్న ఇంటికి వెళ్ళి చూసిన వాళ్ళకు ఇది చెప్పనక్కర్లేదు. చూడని వాళ్ళ కోసం వరుసగా చెబుతాను. నూలు చిలపల రూపంలో వస్తుంది. వాటిని నానబెట్టి, రంగు కావాలంటే రంగు వేసి ఆరబెట్టాలి. రాట్నం మీద కండెలు చుట్టాలి. చీర పొడవునా వచ్చే దారాలను పడుగు అంటారు, అడ్డంగా వచ్చేదాన్ని పేక అంటారు. పడుగు పోసి, గంజి పెట్టి, తెల్లవారుజామున వీధిలో చాపి, కుంచెతో దువ్వి పోగులు అంటుకోకుండా విడదీయాలి. పాత పడుగు అయిపోయాక కొత్త పడుగును అచ్చులో పోగుపోగుకీ అతకాలి. అంగుళానికి 80 పోగుల లెక్కన 48 అంగుళాల పన్నా చీరకు 3,840 పోగులు. ఒక్కటి తప్పితే బట్టలో గీత కనబడుతుంది. అతకడం అయ్యాక నాడె ఆడుతుంది. నాడె ఆడుతున్నంతసేపూ పేక కండెలు అందిస్తూనే ఉండాలి.

ఈ పనుల్లో చాలావాటిని ఇంటి ఆడవాళ్ళు, ముసలివాళ్ళు, పిల్లలు చేస్తారు. మజూరీ మాత్రం చీరకు ఇంత అని మగ్గం మీద కూర్చున్న మనిషి చేతికి వస్తుంది. కండెలు చుట్టిన వాళ్ళకు విడిగా కూలి కట్టే ఆచారం చాలా ఇళ్ళలో లేదు. నువ్వేం చేస్తావమ్మా అని అడిగితే నేనేం చేయనండీ, ఇంట్లోనే ఉంటాను, ఆయన నేస్తారు అని చెప్పే అక్కలు మన సంఘాల్లోనూ ఉన్నారు.

మగ్గం మగవాడి పని అన్న మాట కూడా అన్నిచోట్లా నిజం కాదు. అస్సాంలో పల్లెటూళ్ళలో మగ్గం ఆడవాళ్ళదే, తల్లి కూతురికి నేర్పుతుంది. 2019–20లో దేశమంతటా జరిగిన చేనేత గణనలో సుమారు 35 లక్షల మంది ఈ రంగంలో ఉన్నట్టు తేలింది. వాళ్ళలో నూటికి 72 మంది ఆడవాళ్ళు.

రాట్నం ఆగిపోయింది

పందొమ్మిదో శతాబ్దంలో ఇంగ్లండు మిల్లు నూలు మన సంతలకు వచ్చింది. చవక, నునుపు, తెగకుండా సమంగా ఉండేది. నేతగాళ్ళు దాన్ని కొనడం మొదలుపెట్టారు. వాళ్ళనీ అనడానికి లేదు, మిల్లు బట్టతో పోటీపడి బతకాలంటే వాళ్ళకు చవక నూలు కావాలి. ఏకులా వచ్చి మేకై కూర్చుందని మనం సామెతగా అంటాం కదా, మిల్లు నూలు సరిగ్గా ఏకులనే తరిమేసి మేకై కూర్చుంది.

నేతగాడు దెబ్బతిన్నాడు గాని మిల్లు నూలుతోనైనా మగ్గం నిలబెట్టుకున్నాడు. వడికే ఆడవాళ్ళకు ఆ ఆసరా కూడా లేకపోయింది. వాళ్ళకు కులపెద్ద లేడు, అర్జీ రాసేవాడు లేడు. ఎవరింట్లో వాళ్ళు వడికారు, ఎవరింట్లో వాళ్ళు మానేశారు. ఒక్కొక్క ఇంట్లో రాట్నం అటక ఎక్కింది. ఇంత పెద్ద ఉపాధి పోయినా ఊరేగింపు లేదు, గొడవ లేదు. సంఘం లేనిచోట నష్టం కూడా ఎవరి లెక్కలోకీ రాదు.

దీనికి తోడు మన తీరానికి తుపాన్ల బాధ. 1864 నవంబరు 1 రాత్రి వచ్చిన ఉప్పెనలో బందరు, చుట్టుపక్కల ఊళ్ళు కలిపి సుమారు 30,000 మంది చనిపోయారు. అప్పటికే తగ్గుతున్న రేవు వ్యాపారం ఆ తర్వాత కోలుకోలేదు.

విజాపూర్ ఆడవాళ్ళ రెండు షరతులు

ఇక్కడ కాస్త గుజరాతు వెళ్ళొద్దాం. అక్కడ కొందరు ఆడవాళ్ళు అడిగిన మాట మనకు చాలా అవసరం.

గాంధీగారు సబర్మతి ఆశ్రమంలో మగ్గాలు పెట్టించారు గాని నూలు మిల్లుదే. చేత్తో నూలు వడికేవాళ్ళు కావాలి. రాట్నం ఎక్కడుందో, ఎవరికి వచ్చో ఆయనకు తెలియదు. 1917లో భరూచ్‌లో జరిగిన విద్యా సదస్సులో గంగాబెన్ మజ్ముదార్ అనే ఆమె కలిసింది. ఆమె భర్త పోయిన మనిషి, ధైర్యస్తురాలు. నేను వెతికి పెడతానని మాటిచ్చి ఊళ్ళు తిరిగింది. చివరికి బరోడా సంస్థానంలోని విజాపూర్‌లో రాట్నాలు కనిపెట్టింది. చాలా ఇళ్ళలో అవి అటకల మీద పడి ఉన్నాయి. మళ్ళీ వడుకుతారా అని అడిగితే అక్కడివాళ్ళు సరేనన్నారు, రెండు షరతుల మీద. ఏకులు ఆగకుండా ఎవరైనా ఇవ్వాలి. వడికిన నూలు ఎవరైనా కొనాలి. ఈ సంగతి గాంధీగారు తన ఆత్మకథలోనే రాసుకున్నారు.

ఎంత తెలివైన మాటో చూడండి. వాళ్ళకు పని నేర్పక్కర్లేదు. ఇది మీ పెద్దల పని అని ఉపన్యాసం చెప్పక్కర్లేదు. సరుకు ఆగకూడదు, కొనేవాడు ఉండాలి, అంతే అన్నారు. మన వైపు జరిగిన ప్రతి ప్రయత్నాన్నీ ఈ రెండు షరతులతో కొలిచి చూస్తే అది ఎందుకు నిలిచిందో, ఎందుకు పోయిందో తెలిసిపోతుంది.

బెజవాడ తీర్మానం

1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీల్లో బెజవాడలో అఖిల భారత కాంగ్రెస్ కమిటీ సమావేశం జరిగింది. తిలక్ స్వరాజ్య నిధికి కోటి రూపాయలు, కాంగ్రెస్‌లో కోటి మంది సభ్యులు, దేశంలో 20 లక్షల రాట్నాలు, ఇదీ అక్కడ చేసిన తీర్మానం. మన భట్లపెనుమర్రులో పుట్టిన పింగళి వెంకయ్యగారు జెండా నమూనా గాంధీగారికి చూపించింది ఈ సమావేశంలోనే. కంబోడియా పత్తి మీద పరిశోధన చేసినందుకు వెంకయ్యగారిని పత్తి వెంకయ్య అనేవారు. ఆయన కొంతకాలం పనిచేసిన బందరు ఆంధ్ర జాతీయ కళాశాల 1910లో మొదలైంది. కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు, పట్టాభి సీతారామయ్యగార్లు దాన్ని నిలబెట్టారు. అక్కడ పుస్తకం చదువుతో పాటు చేతిపనులు కూడా చదువేనన్నారు.

ఆ రోజుల్లో ఊళ్ళలో ఆడవాళ్ళు ఒకచోట చేరి రాట్నం తిప్పారు. గడప దాటని వాళ్ళకు కూడా ఆ పేరుతో నలుగురిలో కూర్చోవడం కుదిరింది. దారం తీస్తూ కబుర్లు, కష్టసుఖాలు, దేశం సంగతులు మాట్లాడుకునేవాళ్ళు.

1924 చివర బెల్గాంలో జరిగిన కాంగ్రెస్ మహాసభ ఒక విచిత్రమైన నియమం పెట్టింది. సభ్యత్వానికి డబ్బు బదులు నెలకు 2,000 గజాల నూలు ఇవ్వాలి. ఏడాదికి 24,000 గజాలు. మనం నెలనెలా పొదుపు కట్టినట్టే వాళ్ళు నెలనెలా నూలు కట్టాలన్నమాట. ఒంట్లో బాగోలేకపోయినా, వడకడం ఇష్టం లేకపోయినా వేరేవాళ్ళు వడికిన నూలు తెచ్చి కట్టొచ్చన్న వెసులుబాటు కూడా ఉంది. ఇక చెప్పాలా, ఎంతోమంది పెద్దమనుషులు కొన్న నూలే కట్టారు. వడికిన ఆడమనిషి ఒకరు, సభ్యత్వం ఇంకొకరిది. ఆ నియమం ఏడాది కూడా నిలవలేదు. 1925 సెప్టెంబరులో దాన్ని సడలించి డబ్బు కట్టినా చాలన్నారు. అప్పుడే ఖద్దరు పని చూసుకోవడానికి అఖిల భారత చరఖా సంఘం పెట్టారు.

చరఖా సంఘం విజాపూర్ వాళ్ళ రెండు షరతులూ తీర్చడానికి చూసింది. దూది ఇచ్చింది, నూలు కొన్నది. అయితే కూలి మరీ తక్కువ. రోజంతా వడికినా కడుపు నిండేది కాదు. ఖద్దరు కట్టుకునేవాళ్ళ దేశభక్తికి వడికే ఆడవాళ్ళ ఆకలి తోడవుతోందని గాంధీగారే బాధపడ్డారు. 1935లో చరఖా సంఘం బతకడానికి సరిపడే కూలి ఇవ్వాలన్న సూత్రాన్ని ఒప్పుకుంది. కూలి పెంచితే ఖద్దరు ధర పెరిగింది, అమ్మకం తగ్గింది. అప్పుడు వచ్చిన ఆ చిక్కుముడి ఇప్పటికీ పూర్తిగా విడలేదు. చేతిపనికి న్యాయమైన కూలి కట్టాలంటే ఆ ధర పెట్టి కొనేవాళ్ళను వెతుక్కోవాలి.

ఇదే రాష్ట్రంలో శ్రీకాకుళం జిల్లా పొందూరు ఆడవాళ్ళు మాత్రం పట్టు విడవలేదు. వాళ్ళ పద్ధతి వింటే మన దీవి మత్స్యకార అక్కలకు సరదాగా ఉంటుంది. పత్తిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వుతారు. ఆ సన్నని పళ్ళ వరసకు దూదిలో నలకలన్నీ పోయి పీచు సాపుగా వస్తుంది. ఆ తర్వాత ఒంటికదురు రాట్నం మీద 100 కౌంట్ దాకా నూలు తీస్తారు. కౌంట్ అంటే ఏమిటని చాలామంది అడుగుతారు. 840 గజాలు ఒక చిలప. ఒక పౌను బరువులో ఎన్ని చిలపలు ఉంటే అంత కౌంట్. కౌంట్ పెరిగేకొద్దీ నూలు సన్నం. కిలో 80 కౌంట్ నూలు విప్పితే సుమారు 135 కిలోమీటర్లు సాగుతుంది. అవనిగడ్డ నుంచి విజయవాడ వెళ్ళి తిరిగొచ్చేంత దారం! పొందూరు నిలబడడానికి కారణం ఆ సన్నదనం. ఆ రకం బట్ట ఇంకోచోట దొరకదు కాబట్టి కొనేవాళ్ళు అక్కడికే రావాలి.

సొసైటీలు, షావుకార్లు, తుపాను

స్వరాజ్యం ముందూ తర్వాతా నేతగాళ్ళు సహకార సంఘాలు పెట్టుకున్నారు. గుంటూరు జిల్లా నిడుబ్రోలుకు చెందిన ప్రగడ కోటయ్యగారు జీవితమంతా చేనేత కోసమే పనిచేశారు. సొసైటీ ఉద్దేశం కూడా ఆ రెండు షరతులే: నూలు ఇవ్వాలి, బట్ట కొనాలి. సొసైటీ బలంగా ఉన్న ఊళ్ళో నేతగాడు తలెత్తుకుని బతికాడు. బట్ట పేరుకుపోయి డబ్బు ఆలస్యమైనచోట మళ్ళీ షావుకారు దగ్గరికే వెళ్ళాడు. షావుకారు నూలిస్తాడు, బట్ట తీసుకుంటాడు, మజూరీ ఇస్తాడు. పెళ్ళికో జబ్బుకో అడ్వాన్సు కూడా ఇస్తాడు. ఆ అడ్వాన్సు తీరేదాకా ఇంకొకరికి నేయడానికి లేదు. కంపెనీవాళ్ళ కాలంలోనూ ఇదే పద్ధతి. నూలు ఎవరి డబ్బుతో వచ్చిందో బట్ట వాళ్ళదే, ధర వాళ్ళు చెప్పిందే. సొసైటీలో సభ్యత్వం కూడా మగ్గం యజమాని పేరునే ఉండడం వల్ల, ఇంట్లో సగం పని చేసిన ఆడమనిషికి మీటింగులో కుర్చీ ఉండేది కాదు.

1977 నవంబరు 19 మన దీవిసీమకు చెప్పక్కర్లేదు. పదివేల మందికి పైగా పోయారు. మన ఇళ్ళలో ఆ తారీఖును బట్టి వయసులు లెక్కపెట్టుకుంటాం. నేత మాటలోనూ ఆ రోజు గుర్తుంచుకోవాలి. గుంటమగ్గం అంటే ఇంట్లో నేల తవ్వి కాళ్ళు అందులో పెట్టుకుని నేసే మగ్గం. పల్లపు ఊళ్ళలో పెద్ద వాన పడితే గుంటలోకి నీరు ఊరుతుంది. తడి గాలికి గంజి పెట్టిన పడుగు సాగిపోతుంది, వీధిలో చాపడానికి ఎండ ఉండదు. వానాకాలం వస్తే పనిలేని రోజులే. డెల్టాలో మగ్గం పెట్టాలనుకునే వాళ్ళు ఈ సంగతి ముందే చూసుకోవాలి. మెరక మీద షెడ్డు, గుంట అక్కర్లేని స్టాండు మగ్గం గురించి ఆలోచించాలి.

నేర్చుకోవడానికి చేరి, ఇంకేదో సాధించారు

ఇక మన కథ. 1982లో డ్వాక్రా పథకం వచ్చింది. ఎన్నో చోట్ల కుట్టుపని, అల్లికలు, నేత నేర్పారు. కొన్ని నిలిచాయి, చాలావాటిలో శిక్షణ అయ్యాక మిషన్లు మూలపడ్డాయి. నూలు, గుడ్డ ఎక్కడ తేవాలో, సరుకు ఎవరికి అమ్మాలో ఎవరూ చెప్పలేదు. విజాపూర్ ఆడవాళ్ళు అడిగిన ప్రశ్నలు అడగకుండానే సంతకాలు పెట్టడం వల్ల వచ్చిన కష్టమిది.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్ళు అక్షరాలు నేర్చుకోవడానికి రాత్రి బడికి చేరారు. చదువుతో పాటు తాగుడు వల్ల ఇళ్ళలో పడుతున్న బాధ మాటల్లోకి వచ్చింది. సారా అంగళ్ళు మూయించారు. ఆ ఉద్యమం రాష్ట్రమంతా పాకి 1993లో సారా నిషేధం తెచ్చింది. ఆ జిల్లాలోనే సారాకు పోయే రూపాయిని దాచుకుందామని పొదుపు ఊపందుకుంది. అదే 1992లో సంఘాలకు బ్యాంకు అప్పులిచ్చే పద్ధతిని నాబార్డు మొదలుపెట్టింది. 2000 తర్వాత వెలుగు, సెర్ప్ ద్వారా గ్రామ సంఘాలు, మండల సమాఖ్యలు ఏర్పడ్డాయి. నలుగురు ఆడవాళ్ళు ఏదైనా నేర్చుకోవడానికి ఒకచోట కూర్చుంటే మాట ఆ పాఠం దగ్గరే ఆగదని రాట్నం రోజుల్లోనూ చూశాం, దూబగుంటలోనూ చూశాం.

మనసు కుదుటపడే మాట

మగ్గం మీద కూర్చుంటే మనసు నిలుస్తుందంటారు. అది నిజమే. చీర పొడవు అయిదున్నర మీటర్లు. అంగుళానికి 70 పేకలంటే నాడె 15,000 సార్లు అటూ ఇటూ తిరగాలి. చెయ్యి, కాలు, కన్ను ఒక లయలో పడాలి. ఆలోచన పక్కకు పోతే పోగు తెగుతుంది. ఇంటి గొడవలు, అప్పుల బెంగ ఆ కాసేపు దూరంగా జరుగుతాయి. పక్కపక్కన కూర్చుని నేర్చుకునేటప్పుడు ఒకరి తెగిన పోగు ఇంకొకరు అతుకుతారు. ఆ సుఖం చిన్నదేమీ కాదు, దాన్ని కోరుకోవడంలో తప్పూ లేదు.

అదే పని రోజుకు పదిగంటలు, చాలీచాలని మజూరీకి చేస్తే నడుమునొప్పి, కళ్ళమంట మిగులుతాయి. తెలంగాణలో చింతకింది మల్లేశంగారి తల్లి లక్ష్మమ్మగారు ఇక్కత్ చీరలకు ఆసు పోసేవారు. ఒక చీరకు చెయ్యి సుమారు 9,000 సార్లు అటూ ఇటూ తిప్పాలి. అమ్మ భుజం నొప్పి చూడలేక ఆయన ఏళ్ళ తరబడి కష్టపడి 1999లో ఆసు యంత్రం తయారుచేశారు. దానికి తల్లి పేరే పెట్టారు. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. అమ్మలు చేసే పని పనేనని, అది ఒళ్ళు అరగదీస్తుందని ఒక కొడుకు లెక్కపెట్టి చూశాడు కాబట్టి ఆ యంత్రం పుట్టింది. చేతిపని గౌరవం కాపాడడమంటే చేతుల్ని కూడా కాపాడుకోవాలి.

తీర్మానం రాసేముందు

ఏ సంఘమైనా నేత నేర్చుకుందామనుకుంటే తీర్మానం పుస్తకంలో సంతకాలకు ముందు ఈ ప్రశ్నలు చదువుకోవాలని మనవి.

ఒకటి, నూలు ఎవరి డబ్బుతో వస్తుంది? మన నాయనమ్మలకు లేనిది, నేతగాళ్ళకు ఎప్పుడో గాని దొరకనిది మనకుంది. మన పొదుపు ఉంది, బ్యాంకు లింకేజీ ఉంది. నూలు సంఘం డబ్బుతో కొంటే బట్ట సంఘానిది, ధర చెప్పే నోరూ సంఘానిదే. షావుకారు అడ్వాన్సుతో మొదలుపెడితే ఎన్ని మగ్గాలు పెట్టినా మనం కూలీలమే.

రెండు, బట్ట ఎవరు కొంటారు? మొదటి పడుగు పోయకముందే తెలియాలి. చీరలే నేయక్కర్లేదు. పెడన అద్దకం పనివాళ్ళకు గుడ్డ కావాలి, ఇళ్ళల్లో తువ్వాళ్ళు, దుప్పట్లు కావాలి. కొత్తగా నేర్చుకునే చేతికి అవే తేలిక. మర బట్టతో ధరలో పోటీపడితే ఓడిపోతాం. కొనేవాళ్ళకు మగ్గం చూపించి, చేతిపని తేడా చెప్పి అమ్ముకోవాలి.

మూడు, ఎవరి పేరు రాస్తాం? నేసిన వాళ్ళతో పాటు కండెలు చుట్టిన వాళ్ళకు, పడుగు దువ్విన వాళ్ళకు, అచ్చు అతికిన వాళ్ళకు విడివిడిగా కూలి వేసి పుస్తకంలో రాయాలి. బుక్ కీపరుకు ఓ నాలుగు గడులు ఎక్కువ గీసుకునే పని, అంతే. మన చరిత్రలో ఆ గడులు ఎప్పుడూ గీయలేదు కాబట్టే ఇన్ని వందల ఏళ్ళ పనికి ఒక్క పేరూ మిగల్లేదు.

నాలుగు, ఎవరి దగ్గర నేర్చుకుంటాం? మన సంఘాల్లోనే నేత ఇళ్ళ అక్కలున్నారు. నేనేం చేయనండీ అని చెప్పే వాళ్ళే మన గురువులు. వాళ్ళను పిలిచి, గౌరవంగా కూర్చోబెట్టి, నేర్పినందుకు డబ్బిచ్చి నేర్చుకుందాం. పడుగులో పోగులు ఎలా లెక్కపెట్టాలో, వాన ముసురుకు గంజి ఎంత చిక్కగా కాయాలో వాళ్ళకు తెలిసినంత ఏ శిక్షణ పుస్తకానికీ తెలియదు.

ఈ నాలిగింటికీ జవాబు దొరికిన సంఘం ధైర్యంగా మగ్గం దించుకోవచ్చు. దొరకని సంఘం తొందరపడక్కర్లేదు. వచ్చే సమావేశంలో నేత ఇంటి అక్కలను ముందు వరసలో కూర్చోబెట్టి, వాళ్ళ ఇంట్లో ఒక చీరకు ఎవరెవరు ఎన్ని గంటలు పనిచేస్తారో అడిగి రాసుకోండి. ఖర్చు లేని ఆ పనితో మొదలుపెట్టొచ్చు.